బొద్దింకల కోసం ఆర్పిన పొయ్యి

బొద్దింకల మీద నా కోపం పెళ్ళయిన మర్నాడే మొదలైంది. రొట్టెలకు పిండి కలుపుదామని తొట్టి మీద గుడ్డ తీస్తే, పులిసిన పిండి అంచున పదో పన్నెండో ఎర్ర బొద్దింకలు, పెళ్ళి విందు ఇంకా ముగియనట్టు తీరుబడిగా తింటున్నాయి. నేను కెవ్వుమన్నాను. మా అత్తగారు ఉలియానా వచ్చి, వాటిని చేత్తో పక్కకు తోసి, తానే పిండి కలపడం మొదలుపెట్టింది.

“అరవకే పిల్లా. తిండి ఉన్న కొంప చూసుకునే వస్తాయవి. ఏమీ లేని కొంపలో వాటికేం పని?”

“మా అమ్మ చూస్తే ఈ రొట్టె ముట్టుకోదు అత్తయ్యా.”

“ముట్టుకోకపోతే మాకు రెండు ముక్కలు మిగులుతాయి” అంది.

ఆమె మాట తీరు అదే. నేనూ తక్కువ తిన్నదాన్నేమీ కాదు. ఆ ఇంట్లో రెండేళ్ళు మేమిద్దరం మాటకు మాట అప్పజెప్పుకుంటూనే గడిపాం. మా ఆయన లవోన్ మధ్యలో కూర్చుని, తల వంచుకుని, బీట్‌రూట్ పులుసు తాగేవాడు. ఊరి ఉమ్మడి పొలం, అంటే కల్ఖోజ్, దాని గుర్రాలశాలలో పని ఆయనది. గుర్రాలు మాట్లాడవు కాబట్టి ఆయనకు అక్కడే సుఖంగా ఉండేదనుకుంటాను.

బొద్దింకల కాపురం పొయ్యిలో. మా వైపు పొయ్యి అంటే గదిలో సగం ఆక్రమించే ఇటుకల కట్టడం. కింద వంట, పైన పడుకునే అరుగు. మా అత్తగారి పడక ఆ అరుగు మీదే. ఇటుకల సందుల్లో ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటుంది, పిండీ నీళ్ళూ చేతికందే దూరంలో ఉంటాయి, ఇంక బొద్దింకలకు కావలసిందేముంది? కాంపౌండర్ జఖార్ చెప్పినట్టు ఉడికించిన గుడ్డు పచ్చసొనలో బోరిక్ పొడి కలిపి, బఠాణీ గింజలంత ఉండలు చేసి, ఎండబెట్టి, మూలమూలనా పెట్టాను. ఒక వారం తగ్గాయి. రెండో వారానికి వాటి పిల్లలు వచ్చాయి.

“పొయ్యి వెచ్చగా ఉన్నన్నాళ్ళూ నువ్వు ఎన్ని ఉండలు పెట్టినా దండగే తెక్లా” అన్నాడు జఖార్. “గడ్డుచలి పడనీ. అందరూ చేసేదే నువ్వూ చెయ్యి.”

అందరూ చేసేది ఏమిటంటే, నాలుగు రోజులు గట్టి చలి పడుతుందని తెలియగానే పొయ్యి ఆర్పేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, పిల్లినీ కోళ్ళనీ పిల్లల్నీ తీసుకుని పక్కింటికి పోవడం. మూడు రోజులు ఇల్లు గడ్డకట్టుకుపోతే, ఇటుక సందులో దాక్కున్న ఆఖరి బొద్దింక కూడా చస్తుంది. మా ఊళ్ళో ఆ పని చేయని ఇల్లు మాదొక్కటే. మా ఇంట్లో పొయ్యి ఆర్పడమన్నది లేదు. ఎండాకాలంలో కూడా మా అత్తగారు నిప్పును బూడిద కింద కప్పిపెట్టి, తెల్లవారగానే ఊది రగిలించేది.

ఎందుకో ఆమె నాకు చెప్పలేదు. లవోన్ చెప్పాడు, అదీ ఒక్కసారే. యుద్ధకాలంలో జర్మన్లు మా ఊరు జబలోత్యే మొత్తాన్ని తగలబెట్టారు. మా మామగారూ, ఇద్దరాడపిల్లలూ ఆ మంటల్లోనే పోయారు. ఆరేళ్ళ లవోన్‌ని చంకనేసుకుని మా అత్తగారు బురద అడవిలో దాక్కుని బతికింది. పదిరోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఊళ్ళో ఒక్క గోడ లేదు. పొయ్యిలు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి. తన పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తే ఐసుముక్కలా ఉంది. ఆవిడ ఏడవలేదట. చుట్టుపక్కల కాలిన దూలం ముక్కలు ఏరుకొచ్చి, ఆకాశం కింద ఆ పొయ్యి వెలిగించి, కొడుక్కి నాలుగు బంగాళాదుంపలు కాల్చి పెట్టిందట. గోడలు రెండేళ్ళ తర్వాత వచ్చాయి. ఆ పొయ్యి మళ్ళీ చల్లారలేదు.

ఇదంతా తెలిసీ నేను ఆ శీతకాలం ఆమెతో పోట్లాడాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

మా పాప వోల్యాకు నాలుగో నెల. జనవరిలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఉయ్యాలలో పిల్ల ఒక్కసారిగా గుక్కపట్టింది. పాలిచ్చాను, ఎత్తుకు తిప్పాను, పొట్ట మీద వేడిగుడ్డ వేశాను. పిల్ల తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. మా అత్తగారు వచ్చి పిల్లను తీసుకుని, తల ఒకవైపు వంచి చూసి, “చెవి” అంది. అంతే, నేను కోటు కూడా సరిగా వేసుకోకుండా పిల్లను ఎత్తుకుని జఖార్ ఇంటికి పరుగెత్తాను. ఆయన నూనె గోరువెచ్చగా చేసి చెవిలో పోస్తే కాసేపటికి బొద్దింక బయటికొచ్చింది. దానికి ఒక కాలు లేదు.

“ఆ కాలు లోపలుందో, ముందే ఊడిందో నాకు కనబడటం లేదు” అన్నాడు జఖార్. “చీము పడితే మాత్రం ఆ చెవి పనికిరాదు. వచ్చే వారం మైనస్ ఇరవై అయిదు అంటున్నాడు రేడియోలో. ఇక నీ ఇష్టం.”

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నేను మొదలుపెట్టాను. లవోన్ చెంచా కిందపెట్టాడు. అది ఆయన చేసే పెద్ద గొడవ.

“ఉయ్యాల నా దగ్గర పెట్టండి. నేను కూర్చుని కాపలా కాస్తాను” అంది మా అత్తగారు.

“ఎన్నాళ్ళు కాస్తారు? దానికి పెళ్ళయ్యేదాకానా?”

“పొయ్యి చల్లారిన ఇల్లు ఎలా ఉంటుందో నీకు తెలీదే పిల్లా. నేను చూశాను. ఒకసారి చాలు.”

“మీ ఇటుకలు మీకు ముఖ్యమా, నా బిడ్డ చెవి ముఖ్యమా? అది చెప్పండి ముందు.”

లవోన్ “తెక్లా” అన్నాడు. నేను ఆగలేదు. “చచ్చినవాళ్ళ కోసం నిప్పు కాపాడుతూ, బతికున్న పిల్లను బొద్దింకలకు పెడుతున్నారు” అన్నాను. నోరు జారిందని అప్పుడే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. గెలుస్తున్నానని కూడా తెలిసింది మరి.

మా అత్తగారు నావైపు చూడలేదు. బల్ల మీది రొట్టె తుంపులను అరచేతిలోకి ఊడ్చుకుని నోట్లో వేసుకుంది. తర్వాత లేచి, తన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున్నే పొయ్యి ఆర్పింది కూడా ఆమే. లవోన్ చేస్తానంటే పక్కకు నెట్టింది. నిప్పులన్నీ ఇనుప పారతో బకెట్టులోకి ఎత్తి, బయట మంచులో కుమ్మరించింది. చుయ్యిమని ఆవిరి లేచింది. పక్కింటి ప్రుజీనా పిన్ని కంచె దగ్గర నిలబడి చూస్తూ, “వదినా, కాసిని కుండలో వేసుకుని మా ఇంటికి తెచ్చుకో. మూడు రోజులూ మా పొయ్యిలో దాచుకుందువుగాని” అంది.

“నాకు నిప్పెందుకే? అగ్గిపెట్టె లేదా? నాకు కావలసింది ఆ ఇటుకలు చల్లారకుండా ఉండటం” అంది మా అత్తగారు.

నేలమాళిగలో బంగాళాదుంపల మీద గడ్డి కప్పాం. నీళ్ళ పీపా ఖాళీ చేశాం. కిటికీల సందులకు అంటించిన కాగితాలు చింపి రెక్కలు తెరిచాం. ఇంట్లోకి చలి మనిషిలా నడిచి వచ్చింది. ప్రుజీనా పిన్ని మమ్మల్ని తన గుమ్మంలో నిలబెట్టి, ఒక్కొక్క కోటూ, ఒక్కొక్క దుప్పటీ మంచులో దులిపించింది. “చుట్టాలొస్తే సంతోషం. చుట్టాల వెంట వాళ్ళ చుట్టాలు కూడా వస్తే నాకు చోటు లేదమ్మా” అంది. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను.

ఆ మూడు రోజులూ నాకు సుఖంగా గడిచాయి, ఉన్నమాట చెప్పాలి. వోల్యా జ్వరం రాకుండా నిద్రపోయింది. రెండోరోజు జఖార్ వచ్చి చూసి, చీమేమీ లేదు, చెవి బాగానే ఉంది, కాలు ముందే ఊడి ఉంటుంది అన్నాడు. ఆ మాట నేను మా అత్తగారికి వెంటనే చెప్పలేదు. చెబితే, అయితే ఇంటికి పోదాం పదండి అంటుందని భయం. సగంలో వదిలేస్తే బొద్దింకలు చావవు కదా.

ఆమె మాత్రం పగలంతా మా గేటు దగ్గరే నిలబడేది. పిలవడానికి నేనే వెళ్ళాను. కిటికీలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, తలుపు గాలికి కొట్టుకుంటోంది, గుమ్మంలో మంచు మేట వేసింది.

“లోపలికి రండి అత్తయ్యా. చలికి బిగుసుకుపోతారు.”

“అప్పుడు గోడలు లేవు” అంది ఇంటివైపే చూస్తూ. “ఇప్పుడున్నాయి. అంతే తేడా.”

ఆమె చెయ్యి పట్టుకుంటే, చేతితొడుగు లోపల వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. ఆ రోజు ఆమె మీద నాకు జాలి కలిగింది. కానీ జాలిపడ్డానని ఆమెకు తెలియనివ్వలేదు. మా ఇద్దరి మధ్యా అలాంటివి చెప్పుకునే అలవాటు లేదు.

నాలుగోరోజు, గురువారం, తెల్లగా తెల్లవారాక ఇంటికి వెళ్ళాం. పిల్లను ప్రుజీనా పిన్ని దగ్గరే ఉంచాను. లవోన్ కిటికీలు మూసి గుర్రాలశాలకు పోయాడు. నేను చీపురు పట్టుకున్నాను. పొయ్యి అంచుల మీద, గోడవార, బల్లకింద, ఎక్కడ చూసినా బొద్దింకలే, వేయించిన పొద్దుతిరుగుడు గింజల్లా ఎండి, చీపురు తగిలితే గలగలమంటున్నాయి. సగం బకెట్టు నిండింది. ఆ బకెట్టు అందరికీ చూపించాలనిపించింది. అంత సంతోషం.

మా అత్తగారు పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పొగగొట్టం మంచుగడ్డలా ఉండటంతో పొగ పైకి పోక ఇంట్లోకి తన్నింది. గడ్డి చుట్టలు కాల్చి గొట్టాన్ని వేడెక్కించి, మూడోసారికి కట్టెలు అంటించగలిగింది. కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్క కట్టే పెడుతూ నాలుగైదు గంటలు అక్కడే ఉంది. నేను ఈలోపు పిండి జిగురు కాచి, కిటికీల సందులన్నిటికీ కొత్త కాగితం పట్టీలు అంటించాను. దూది కూరి, పైన కాగితం, మళ్ళీ కాగితం. చీమ దూరే సందు కూడా వదల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా పొయ్యి గొట్టానికి అడ్డంగా మూతలా ఒక ఇనుప పలక ఉంటుంది. మంట ఉన్నంతసేపూ అది తెరిచి ఉండాలి. బొగ్గులు పూర్తిగా కాలిపోయాక మూస్తే వేడి ఇంట్లో నిలుస్తుంది. ముందే మూస్తే బొగ్గుల ఆవిరి పైకి పోయే దారి లేక ఇంట్లోకి వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మా వైపు అలా పోయినవాళ్ళు లేని ఊరు ఉండదు. బొగ్గుల మీద నీలి మంట ఒక్క చిన్న నాలుకంత ఉన్నా మూయకూడదు. అందుకే ఆ పలక మా అత్తగారు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. రోజూ బొగ్గుల ముందు పీట వేసుకుని, కళ్ళు చికిలించి, ఆఖరి నీలం పోయేదాకా కూర్చుని, అప్పుడు లేచి ఒట్టి చేత్తో పలక తోసేది. రెండేళ్ళు ఆ పని నాకు అందనివ్వలేదు.

ఆ రోజు రెండు గంటలవేళకు ఆమె గోడ పట్టుకుని లేచింది. పెదవులు నల్లబడి ఉన్నాయి.

“నడుము పడిపోతోందే పిల్లా. కాసేపు పైన వాలతాను. బొగ్గులు నువ్వు చూడు. నీలం పోయేదాకా మూత ముట్టుకోకు.”

“నాకు తెలీదా అత్తయ్యా.”

“తెలుసులే. రెండేళ్ళ నుంచీ నా వెనకాల నిలబడి చూస్తూనే ఉన్నావుగా” అంది. మెట్టెక్కి అరుగు మీదికి పాకి, గొర్రెతోలు కోటు మీద కప్పుకుంది. ఇటుకలు ఇంకా పైదాకా వెచ్చబడలేదు.

నేను పీట వేసుకుని కూర్చున్నాను. ఒక పావుగంట కూర్చుని ఉంటాను. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, మీద బూడిద తెల్లగా పొరకడుతోంది. లోపలి మూల మాత్రం రెండు నీలి నాలుకలు ఆడుతున్నాయి. అప్పుడే ప్రుజీనా పిన్ని కూతురు కిటికీ కొట్టి, “అక్కా, పాప ఏడుస్తోంది, పాలకు రమ్మంటోంది మా అమ్మ” అని కేకేసి పోయింది. గదిలో ఇంకా ఊపిరి పొగలా కనబడుతోంది. ఈ చలిలోకి పిల్లనెలా తీసుకొస్తాను? పొద్దుటినుంచీ కాల్చిన కట్టెల వేడంతా గొట్టంలోంచి ఆకాశానికి పోతోంది. ఆ రెండు నాలుకలూ నా కళ్ళముందే చిన్నవవుతున్నాయి. నేను గుమ్మం దాటేలోపు అవే పోతాయనుకున్నాను.

పలక వేడిగా ఉంది. గుడ్డ చుట్టి పట్టుకుని తోశాను. ఇనుము కిర్రుమంది.

పైనుంచి మా అత్తగారు, “నీలం పోయిందా?” అంది.

“పోయింది అత్తయ్యా.”

“సరే మరి” అంది. మళ్ళీ తనే, “ఇకనుంచి నువ్వే చూసుకో పొయ్యి. నాకు ఓపిక లేదు” అంది.

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. పెత్తనం నా చేతికొచ్చిన సంబరంలో, శాలువా కప్పుకుని ప్రుజీనా పిన్ని ఇంటికి దాదాపు పరుగెత్తాను. పిల్లకు పాలిచ్చాను. పిన్ని వేడివేడి టీ ఇచ్చింది. బకెట్టు బొద్దింకల కథ చెప్పాను, చెప్పి నవ్వించాను. ఇల్లు వెచ్చబడనీ, తొందరేముంది అంది పిన్ని. గంటన్నర కూర్చున్నాను.

పిల్లను ఎత్తుకుని తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లు కమ్మగా వెచ్చగా ఉంది. “అత్తయ్యా, వోల్యా వచ్చింది” అన్నాను. జఖార్ చెప్పిన చెవి సంగతి ఇప్పుడు చెబుదామనుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి కణతలు పోటెత్తాయి. అప్పుడర్థమైంది. పిల్లను బయట మంచులో, శాలువాతో సహా, కట్టెల మోపు పక్కన పడుకోబెట్టి లోపలికి పరుగెత్తాను. నేనే అంటించిన కాగితాలు నేనే గోళ్ళతో చీల్చి కిటికీలు తెరిచాను. మెట్టెక్కి ఆమెను భుజాలు పట్టుకుని లాగాను. ముఖం ఎర్రగా, చిన్నపిల్లకు నిద్రలో చెమట పట్టినట్టు ఉంది. అంత ఆరోగ్యంగా ఆమె నాకెప్పుడూ కనబడలేదు. అరిచాను. ప్రుజీనా పిన్నీ, జఖార్ వచ్చారు. జఖార్ మంచుతో ఆమె ఛాతీ రుద్దాడు, చేతులు ఆడించాడు, చాలాసేపటికి లేచి టోపీ తీశాడు.

లవోన్ గుర్రాలశాల నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలుపులూ కిటికీలూ మళ్ళీ బార్లా తెరిచి ఉన్నాయి. తల్లిని చూశాడు. తర్వాత అందరి ముందూ, మామూలు గొంతుతో, “మూత ఎవరు మూశారు?” అన్నాడు.

“అత్తయ్యే” అన్నాను.

అలా అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ప్రుజీనా పిన్ని వెంటనే, “అయ్యో, మూడు రోజులూ మతిలేనట్టు గేటు దగ్గర నిలబడిందమ్మా. నేను చూస్తూనే ఉన్నాను” అంది. జఖార్ కూడా తల ఊపాడు. నా అబద్ధానికి వాళ్ళే కాళ్ళూ చేతులూ పెట్టి నిలబెట్టారు. లవోన్ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పలక పిడికి నేను చుట్టిన గుడ్డ ఇంకా అలాగే వేలాడుతోంది. దాన్ని విప్పాడు. మడతపెట్టాడు. తెచ్చి నా చేతిలో పెట్టి, శవపేటికకు చెక్కలు చూడటానికి బయటికి పోయాడు.

ఆ మర్నాటినుంచీ మా ఇంట్లో పొయ్యి మూత మూసేది లవోనే. ఎంత పని ఉన్నా ఆ వేళకు గుర్రాలశాల నుంచి వచ్చి, పీట వేసుకుని, నీలం పోయేదాకా కూర్చుని, లేచి ఒట్టి చేత్తో తోసి, మళ్ళీ పనికి పోయేవాడు. ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు, పొయ్యి దగ్గర కూర్చునే మొగుడని. ఆయన పట్టించుకోలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండునని రోజూ అనుకున్నాను. రోజూ భయపడ్డాను.

మా అత్తగారు పోయిన నలభయ్యో రోజు భోజనాలకు చుట్టుపక్కలవాళ్ళందరూ వచ్చారు. ఫిబ్రవరి దాటింది, చూరుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ప్రుజీనా పిన్ని గదంతా కలయజూసి, “పాపం ఉలియానా, ఎంత శుభ్రమైన ఇల్లు చూడకుండానే పోయింది. ఒక్క బొద్దింక లేదు” అంది. తర్వాత నిట్టూర్చి, “ఇరవై ఏళ్ళు కాపాడిన చెయ్యి, ఆ ఒక్కరోజు తప్పింది” అంది. బల్ల చుట్టూ అందరూ అవునంటే అవునన్నారు. పాపం, ముసలిదైపోయింది అన్నారెవరో.

లవోన్ చెంచా కిందపెట్టాడు.

“మా అమ్మ చెయ్యి తప్పలేదు” అన్నాడు.

అందరూ ఆయనవైపు చూశారు. ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే అప్పుడే చెప్పేసేదాన్ని. ఆయన ఎదురుచూశాడు, అంతే. తన తల్లి పేరు నా చేతిలో ఉందనీ, తిరిగి ఇచ్చేయమనీ అడుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క మాట చాలు. నా ఒళ్ళో వోల్యా నా వేలు చీకుతోంది. బల్ల చుట్టూ పద్నాలుగుమంది ఉన్నారు. నేను రొట్టెబుట్టలోకి చూశాను. అది ఖాళీగా ఉంది.

“రొట్టె తీసుకురా తెక్లా” అన్నాడు లవోన్ చివరికి.

నేను లేచి వెళ్ళి తెచ్చాను.